తొమ్మిది మీటర్ల అడ్డం

బుడగ, 41వ ఏడు. 112వ రోజు

మోకుల కార్యాలయం దినచర్య పుస్తకంలో పొడవులూ కోణాలూ మాత్రమే రాయాలని నియమం. పేజీ మాత్రం పెద్దది. మా అధికారి జోగారావు సార్ దీన్ని ఎన్నడూ తెరిచి చూడరు. కనుక మిగిలిన చోటు నాది. నా పేరు సలోమి, వయసు ఇరవై మూడు, ఉద్యోగం సహాయ కొలతదారు. మాట్లాడటం కంటే రాయడం నాకు సులువు.

ఈ రోజు ఒకే దరఖాస్తు వచ్చింది. సిస్టర్ బెనడిక్ట గారికి కాన్వెంటు గుమ్మం నుంచి బడి గుమ్మం దాకా మోకు కావాలి.

మా ఊరు బుడగ ఒక బోలు గోళం, ఇళ్ళన్నీ దాని లోపలి గోడ మీదే. గోడ వెంట కడ్డీలు పట్టుకుని చుట్టి వెళితే 115.2 మీటర్లు. బుడగ బోలులోంచి తిన్నగా మోకు కడితే 98.3. ఇక్కడ బరువు లేదు కనుక కాళ్ళతో పనిలేదు, ఎక్కడికి పోవాలన్నా చేతులతో లాక్కుంటూ పోవాల్సిందే. సిస్టర్‌కు డెబ్బై ఎనిమిదేళ్ళు. వేళ్ళ కణుపులు వాచాయి. మధ్యలో ఆగినా సరే, ఒక ప్రయాణానికి వంద మీటర్లు దాటకూడదని డాక్టరు రాసిచ్చారు.

బడి 126వ రోజున తెరుస్తారు. ఆలోగా మోకు పడకపోతే సిస్టర్ స్థానంలో పాఠాల పెట్టె వస్తుంది. తప్పు చేసిన పిల్లలతో ఆ పెట్టె "చాలా బాగుంది, మళ్ళీ ప్రయత్నించు" అంటుంది. సిస్టర్ ఎవరితోనూ అలా అన్నవారు కారు. ఏడో తరగతిలో నాతో అన్నది ఇది: "నీ త్రిభుజానికి నడుము పడిపోయింది, చైల్డ్. తీసుకెళ్ళి వైద్యం చేయించు." ఆ రాత్రే నేను కోణాలు నేర్చుకున్నాను.

113వ రోజు

ఉదయం నేనుండే హాస్టల్లో పాల గొడవ. గవరమ్మ తన మోకు మీద పాల సంచీ తెస్తుంది. సంచీలోంచి వదిలిన పాలు గుండ్రటి ఉండై తేలుతాయి. ఆ ఉండ కడియంలో సరిగ్గా పడితే ఒక లీటరు. లీటరు కడియం వెడల్పు పన్నెండున్నర సెంటీమీటర్లు. కొత్త వంటాయన అరలీటరు చాలనుకుని, సరిగ్గా సగం వెడల్పున్న కడియం చేయించి తెచ్చాడు. వచ్చిన పాలు లీటరులో ఎనిమిదో వంతు. కాఫీ నల్లగా వచ్చింది.

"నన్ను మోసం చేశావు" అన్నాడు.

"నానేటి సేసినాను బాబూ? కడియం నువ్వే తెచ్చినావు. దాన్లో పట్టినన్ని పోసినాను" అంది గవరమ్మ.

వెడల్పు సగమైతే పొడవూ ఎత్తూ కూడా సగమవుతాయని నేను చెప్పాలనుకున్నాను. అప్పటికి అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒక కాగితం మీద రాసి వంటగది తలుపుకు అంటించి వచ్చాను.

మధ్యాహ్నం సిస్టర్ మోకుకు చూపు సాక్షుల చీటీలు తీశాం. కొత్త మోకు పాత మోకుకు అడ్డం పడకూడదనేది బుడగలో మొదటి నియమం. రెండో ఏట రెండు మోకులు కలిసిన చోట ఇద్దరు గుద్దుకుని ఒకాయనకు నాలుగు పళ్ళు ఊడాయట. అప్పటి నుంచీ ముగ్గురు గృహస్థులు తమ తమ గుమ్మాల్లోంచి చూసి "అడ్డం లేదు" అనాలి.

ఆచరణలో జరిగేది వేరు. సాక్షులు ముందు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటారు. ఆ తర్వాత చాలా శ్రద్ధగా చూస్తారు. ఏమీ కనబడదు. కనబడలేదని ప్రమాణం చేస్తారు. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. ఈ పద్ధతిలోనే ఇప్పటిదాకా ముప్పై ఒక్క ఇళ్ళకు ముప్పై ఒక్క మోకులు పడ్డాయి.

మూడో చీటీ పుండరీకం గారి పేరున వచ్చింది. గాలి గొట్టాల మేస్త్రీగా పనిచేసి మానుకున్నారు. పోయిన నెలే కంటి గదిలో ఆయనకు కొత్త కళ్ళు వేశారు.

114వ రోజు

మోకు పడబోయే దారి చూపడానికి కాన్వెంటు నుంచి బడికి సన్నతాడు బిగించాం. మొదటి సాక్షి కళ్ళజోడు తీసి అడ్డం లేదన్నారు. రెండో సాక్షి కళ్ళజోడు తీసి, అది చేతిలోంచి తేలిపోతుంటే పట్టుకునే ప్రయత్నంలో తాడు వైపు చూడనే లేదు. అడ్డం లేదన్నారు.

పుండరీకం గారికి తీయడానికి కళ్ళజోడే లేదు. గుమ్మంలో కాళ్ళు పట్టీల్లో బిగించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

"అడ్డం" అన్నారు.

జోగారావు సార్ వినబడనట్టు కాగితాలు సర్దుకున్నారు.

"అడ్డమయ్యా! గవరమ్మ పాల మోకుకి నట్టనడుమ అడ్డం పడింది. నాకు పీచుతో సహా కనబడుతోంది."

దరఖాస్తు ఆగింది.

115వ రోజు

లెక్క కట్టాను. ప్రతి గుమ్మానికీ మూడు అంకెలుంటాయి. బుడగ నడిబొడ్డు నుంచి ఎంత కుడికి, ఎంత పైకి, ఎంత ముందుకి అన్నవి. ఆ అంకెలతో ఏ రెండు మోకుల మధ్యనైనా దూరం తేలుతుంది. కలవకుండా, పక్కపక్కన సాగకుండా పోయే రెండు మోకులకు ఒక అతి దగ్గర చోటు ఉంటుంది. అక్కడ రెండింటికీ లంబంగా ఒక కర్ర పట్టగలిగితే ఆ కర్ర పొడవే దూరం.

సిస్టర్ తాడుకూ పాల మోకుకూ నడుమ కోణం 64 డిగ్రీలు. దూరం 9.4 మీటర్లు.

కాగితం పట్టుకుని పుండరీకం గారింటికి వెళ్ళాను. దారిలో చెప్పాల్సినదంతా మూడుసార్లు వల్లె వేసుకున్నాను.

"తాతగారూ, ఆ రెండింటికీ మధ్య తొమ్మిది మీటర్ల నలభై ఉందండీ."

"ఎక్కడ?"

"లెక్కలో అండీ."

"లెక్కలో ఉంటే లెక్కలోనే కట్టుకోండి. ఇలా రా. ఇక్కడ నిలబడు. ఇప్పుడు చెప్పు, ఏం కనబడుతోంది?"

నిలబడి చూశాను. రెండు గీతలూ ఒకదాన్నొకటి కోసుకుంటున్నట్టే ఉన్నాయి.

"కోసుకుంటున్నట్టే ఉందండీ. కానీ ఒకటి ముందుంది, ఒకటి..."

"అదీ! బెనడిక్ట సిస్టరు దగ్గర చదివిన పిల్లవి, అబద్ధం చెప్పవు."

ఇంత చెడ్డ మెప్పు నేనెప్పుడూ పొందలేదు.

కంటి ముందు వేలు పెట్టుకుంటే దీపం మీద వేలు పెట్టినట్టే కనబడుతుంది కదా అన్నాను. తన పాత కళ్ళకైతే అలా కనబడేదని, ఇవి ఖరీదైనవని అన్నారు.

"తిన్నగానే ఎందుకమ్మా? గాలి గది గుమ్మం మీదుగా వంచి కట్టుకోమను."

"అప్పుడు నూట ఆరు అవుతుందండీ. డాక్టరు వందే అన్నారు."

ఆయన మొహంలో కొంచెం జాలి కనబడింది. సిస్టర్ మీద ఆయనకు కోపమేమీ లేదు. కానీ కొత్త చూపు వచ్చిన మనిషి. చూడకుండా ఉండలేడు.

"ఆవిడదొక్కటే కాదులే. నిన్నటి నుంచి లెక్కపెడుతున్నాను. మా గుమ్మంలోంచి పద్నాలుగు అడ్డాలున్నాయి. ఇన్నాళ్ళూ ఈ ఊరు ఎలా బతికిందో!"

117వ రోజు

పద్నాలుగు అడ్డాల మీదా ఫిర్యాదు వచ్చింది. 124వ రోజున ఊరి సభ. అడ్డమని తేలితే ఆ మోకులు కోస్తారు, సిస్టర్ దరఖాస్తు కొట్టేస్తారు.

గవరమ్మ కార్యాలయంలోకి తుపానులా వచ్చింది.

"ఓలమ్మా సలోమమ్మా! నా మోకు కోసేత్తారంట కదా? మరి పాలు నానేటి ముక్కుతో ఊదుకుంటా తెత్తానా?"

"ఇంకా తేలలేదు పిన్నీ."

"ఆ ముసిలోడికి కళ్ళెవులేసినారో సెప్పు. ఆల ఇంటికి నెల్లాళ్ళు నీళ్ళ పాలు పోత్తాను."

జోగారావు సార్ బల్లకు కట్టుకుని ఉన్నారు, లేకపోతే నిస్పృహతో తేలిపోయేవారే. ముప్పై ఏళ్ళుగా ఆయనా కళ్ళజోడు తీసే చూశారు.

"ఇన్నాళ్ళూ సాఫీగా పోయింది, అమ్మాయ్. ఒక్క మనిషికి చూపొచ్చింది, ఊరంతా ఆగిపోయింది."

సాయంత్రం కాన్వెంటుకు వెళ్ళి జరిగింది చెప్పాను. సిస్టర్ వేడినీళ్ళ సంచీలో వేళ్ళు పెట్టుకుని విన్నారు. దుఃఖపడతారనుకున్నాను. "9.4 కి నిరూపణ ఏదీ?" అని అడిగారు. చూపించాను. రెండో వరుసలో ఒక గుర్తు తప్పు పట్టారు. జవాబు మారలేదు. అయినా తప్పు తప్పే అన్నారు.

నేను వచ్చేస్తుంటే మాత్రం, "ఎనిమిదో తరగతికి ఈ ఏడు ఘనపరిమాణాలు చెప్పాలి. ఆ పెట్టెకు చేతులుండవు. గోళాన్ని ఎలా పట్టుకుని చూపిస్తుంది?" అన్నారు. నన్ను కాదు అడిగింది. గోడను.

119వ రోజు

హాస్టల్ గుమ్మంలో నిలబడి నేనూ అడ్డాలు లెక్కపెట్టాను. పదహారు వచ్చాయి. గుమ్మం మారిస్తే అడ్డాలు మారతాయి. పక్కింటి నుంచి పన్నెండు, ఎదురింటి నుంచి పద్దెనిమిది. ఎక్కడ నిలబడ్డా ఒక్క మోకు మాత్రం ఏ దోషమూ లేకుండా ఉంటోంది. అది ఏ మోకో అర్థం కావడానికి నాకు అరగంట పట్టింది.

నిలబడి చూస్తున్న ఇంటి మోకే. ఎవరి మోకు వారి గుమ్మంలోంచే బయలుదేరుతుంది. కొస వైపు నుంచి చూస్తాం కనుక అది మనకు గీతలా కనబడదు, చుక్కలా కనబడుతుంది. చుక్క దేనికీ అడ్డం పడదు.

పుండరీకం గారి మోకు ఆయన గుమ్మం నుంచి కూతురు హైమావతి గారి వంటింటి దాకా ఉంది. 71 మీటర్లు. రోజూ రెండు పూటలా దాని మీదే ఆయనకు కాఫీ వస్తుంది.

కూర్చుని ముప్పై ఒక్క చీటీలు రాశాను. "మీ గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, మీకు అడ్డంగా కనబడుతున్న మోకులన్నిటి పేర్లూ రాయండి. పక్కవారికి చెప్పకండి."

ఆఖరి వాక్యం కావాలనే పెట్టాను. అది లేకపోతే సగం మంది పట్టించుకోరు.

ఇది అబద్ధం కాదు. మరీ అమాయకమైన పనీ కాదు.

121వ రోజు

ముప్పై ఒక్క చీటీలూ తిరిగొచ్చాయి. కొందరు వెనక వైపు కూడా రాశారు. గవరమ్మ చీటీలో "నాది తప్ప అన్నీ" అని ఉంది.

మొత్తం మీద ముప్పై ఒక్క మోకులూ అడ్డమే. హాస్టల్ మోకును ఇరవై రెండు ఇళ్ళవారు పట్టించారు. పుండరీకం గారి మోకును పంతొమ్మిది ఇళ్ళవారు. తమ మోకు పేరు రాసినవారు ఒక్కరూ లేరు.

జోగారావు సార్ రెండుసార్లు చదివారు.

"అమ్మాయ్, ఇది సభలో చదివితే ఊళ్ళో మోకులన్నీ కోసేస్తారు."

"చదివితే ఎవరూ ఏదీ కోయరండీ."

"అంత నమ్మకమేమిటి?"

"ప్రతి ఇంటికీ ఒక మోకుంది కదండీ."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. అప్పుడు రెండో కాగితం ఇచ్చాను. అందులో ఒకే ఒక ప్రతిపాదన ఉంది. సభలో ఆయనే చదవాలని బతిమాలాను. సరేనన్నారు.

124వ రోజు

సభ అంటే ఎవరి గుమ్మంలో వారు ఉండి మాట్లాడటమే. బుడగలో గొంతు బాగా తిరుగుతుంది.

జోగారావు సార్ చీటీల ఫలితం చదివారు.  ముప్పై ఒక్క గుమ్మాల్లోంచీ ఒకే మాట వచ్చింది. "మాదా?"

పుండరీకం గారి గొంతు అన్నిటికంటే పైన వినబడింది. "నా మోకు అడ్డమన్నవాడెవడు? పొద్దున్నే చూశాను, దేనికీ తగల్లేదు!"

"మీ గుమ్మంలోంచి చూస్తే అదసలు కనబడదు, మావయ్యగారూ! మా గుమ్మానికొచ్చి చూడండి!" అన్నారు ఎవరో.

"ఎవరికి వాళ్ళం ఎదుటివాళ్ళది కోయమని రాసుకున్నాం, బాగుంది సంబడం" అన్నారు ఇంకెవరో. నవ్వులు లేచాయి.

ఇదే సమయమని జోగారావు సార్ రెండో కాగితం తీశారు. తీసిన కాగితం ఆయన వేళ్ళలోంచి జారి, నెమ్మదిగా దొర్లుకుంటూ బుడగ నడుమకు తేలిపోయింది. అందరూ దాన్నే చూశారు. ఆయన నా వైపు చూశారు.

నేను హాస్టల్ గుమ్మం పట్టీ పట్టుకుని చెప్పేశాను. "అడ్డం కనబడినవారు స్వయంగా అక్కడికి వెళ్ళి, రెండు మోకులనూ ఒకేసారి రెండు చేతులతో పట్టుకుని చూపించాలి."

నా గొంతు బుడగ చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ నాకే వినబడింది. మొదటిసారి కంటే రెండోసారి ధైర్యంగా ఉంది.

"చూపిస్తాను! ఇప్పుడే చూపిస్తాను! హైమా, నువ్వు మన గుమ్మంలోకొచ్చి నిలబడి దారి చెప్పు!" అన్నారు పుండరీకం గారు.

గోడ వెంట కాన్వెంటు గుమ్మానికి చేరి, నడుము పట్టీ చివరి కొక్కెం సన్నతాడుకు తగిలించి బయలుదేరారు. డెబ్బై ఏళ్ళ మనిషి, చకచకా సాగారు. యాభై మీటర్లు దాటాక హైమావతి గారు కేక పెట్టారు.

"ఇంకో రెండు మీటర్లు ముందుకి, నాన్నా! ఆఁ, ఆగు! అదే! ఎడమ చెయ్యి చాపు!"

ఆయన కుడిచేత్తో సన్నతాడు పట్టుకుని ఎడమచెయ్యి చాపారు.

"ఇంకొంచెం పైకి! అదిగో, పట్టేసుకున్నావు నాన్నా! పాల మోకు నీ చేతిలోనే ఉంది!"

"ఎక్కడే?"

"నీ గుప్పిట్లో!"

పుండరీకం గారు గుప్పిట విప్పి చూసుకున్నారు. మూసి మళ్ళీ విప్పారు.

"ఇక్కడ గాలే కదే ఉంది!"

"అదేంటి నాన్నా, పట్టుకుని లేదంటావు? నాకు స్పష్టంగా కనబడుతోంది!"

"నీకు కళ్ళున్నాయా లేవా?"

"నీ పోలికే, నాన్నా!"

పాల మోకు ఆయనకు తొమ్మిది మీటర్ల అవతల, దాని మానాన అది ఉంది. దాని మీద గవరమ్మ సంచీతో వచ్చి ఆగి, ఆయనకు చెయ్యి ఊపింది. ఆయన అటు అందుకోబోయి కుడిచేతి పట్టు కూడా వదిలేశారు. మీటరున్నర పట్టీ చివర గిర్రున తిరిగారు. పట్టీ సన్నతాడుకు చుట్టుకుంది, ఆయన పట్టీకి చుట్టుకున్నారు. కొత్త కళ్ళు బుడగనంతా ఒకేసారి చూపించాయేమో, "అమ్మా, అమ్మా" అని మాత్రం అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి. ఎవరు వెళ్ళాలా అని అందరూ వెతుక్కుంటుండగానే కాన్వెంటు గుమ్మంలో కొక్కెం పడిన చప్పుడైంది.

"సిస్టర్, మీరొద్దు!" డాక్టరుగారు తన గుమ్మంలోంచి అరిచారు.

"నా తరగతి గది అటే ఉంది. ఎటూ వెళ్ళాల్సిన దారే" అన్నారు సిస్టర్ బెనడిక్ట.

ఆమె వేగంగా వెళ్ళలేదు. ఒక చెయ్యి, ఆగడం, రెండో చెయ్యి. నేను లెక్కపెట్టాను. ఒక్కో పట్టుకు నలభై సెంటీమీటర్లు. నూట ముప్పయ్యో పట్టుకు ఆయన్ని చేరుకున్నారు.

"కదలకండి, పుండరీకం గారూ. ఆ కళ్ళు కాసేపు మూసుకోండి."

"సిస్టరూ, నాకు నిజంగానే కనబడింది."

"కనబడే ఉంటుంది. మూసుకోండి."

పట్టీ చిక్కు విప్పారు. వాచిన వేళ్ళతో ఎంతసేపు పట్టిందో రాయను. తర్వాత ముందు ఆమె, వెనకే ఆమె అంగీ అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఆయన. మిగిలిన నలభై ఆరు మీటర్లు దాటి బడి గుమ్మం చేరారు. సిస్టర్ కడ్డీ పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ చాచి చూసుకున్నారు. ముఖం ఎర్రబడింది. డాక్టరుగారి వైపు తిరిగి అయిదు వేళ్ళూ చూపించారు.

ప్రతిపాదన మీద ఓట్లు తీసుకోవడం అందరూ మర్చిపోయారు. జోగారావు సార్ నెగ్గిందని రాసేశారు.

125వ రోజు

పుండరీకం గారు కార్యాలయానికి వచ్చారు. చూపు సాక్షి పత్రం ఇంకా ఆయన దగ్గరే ఉండిపోయింది. దాని మీద రెండే గడులు ఉంటాయి. ఒకటి "అడ్డం కనబడింది", రెండోది "కనబడలేదు". ఆయన ఏ గడిలోనూ గుర్తు పెట్టలేదు. కింద ఖాళీలో పెద్ద అక్షరాలతో రాసుకొచ్చారు.

"కనబడింది. కానీ లేదు."

సంతకం చేశారు.

"దీన్ని ఏ వరుసలో పెట్టాలి, అమ్మాయ్?" అన్నారు జోగారావు సార్.

"అనుమతి వరుసలో సార్" అన్నాను.

పుండరీకం గారు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు. "ఆ మిగతా పద్నాలుగూ... వాటిలో ఒకటో రెండో నిజంగా దగ్గరగా ఉండి ఉండొచ్చు కదమ్మా?"

"రెండున్నాయండీ. మీటరు లోపే. ఈ వారం కొలుస్తాను."

"నేను కర్ర పట్టుకుంటాను" అన్నారు.

126వ రోజు

కాన్వెంటు–బడి మోకు. పొడవు 98.3 మీటర్లు. ఉదయం ఏడింటికి బిగించాం. ఏడు నలభైకి సిస్టర్ బయలుదేరారు. మధ్యలో రెండుసార్లు ఆగి, ఎనిమిదికి అయిదు నిమిషాల ముందు బడి గుమ్మంలో ఉన్నారు. చంకలో ఒక రబ్బరు గోళం.

ఎనిమిదో తరగతిలో సెలవుల లెక్కలు ఒక్కరూ చేయలేదట. పెట్టె వస్తుందనుకున్నారు.